‘జేజి’ని ‘నానమ్మ’గా మార్చింది ఎవరు?

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల బడుల్లో పిల్లల కథల రచయితలు కార్యశాలలు పెట్టడం, పిల్లలు రాసిన కథలను పుస్తకాలుగా వేయడం ఇప్పుడు మామూలైంది. పుస్తకం చేతికి రాగానే తగవు లేవడమూ మామూలైంది. పిల్లలు రాసిన మాటలు అచ్చులో ఉండవు. మార్చింది మీరంటే మీరని రచయితలు, ఉపాధ్యాయులు, ప్రచురణకర్తలు ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటారు. ఆ తగవే మళ్లీ రాజుకుంది కాబట్టి, దాని వెనకున్న సంగతులు ఒకసారి చూడాలి.

గిడుగు దగ్గర మొదలుపెట్టి గ్రాంథికం, శిష్ట వ్యావహారికం అంటూ నడుచుకుంటూ రానక్కర్లేదు. కోస్తా నడిమి జిల్లాల మాట పుస్తకాల భాష ఎలా అయిందో అందరికీ తెలుసు. ఇవాళ్టి తగవును అర్థం చేసుకోవడానికి 2008, 2010 చాలు.

1947 జులైలో మద్రాసులో మొదలైన చందమామ కూడా సీమ మాటల్లో రాలేదు. అయినా ఎవరూ తగవు పడలేదు. అప్పుడు పిల్లలు చదివేవాళ్లే గాని రాసేవాళ్లు కారు. పైగా పుస్తకం బస్టాండు అంగట్లో నాయన కొనిస్తే ఇంటికి వచ్చేది. నచ్చితే వచ్చే నెల కొనేవాళ్లు, లేకుంటే లేదు. మధ్యలో ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు.

ఈ రెండూ దాదాపు ఒకేసారి మారాయి. 2008లో చెన్నేకొత్తపల్లి దగ్గరి ప్రకృతి బడి నుంచి ‘కొత్తపల్లి’ మాసపత్రిక మొదలైంది. అప్పట్లో ఆ ఊరు అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లా. పిల్లలు రాసిన కథలు, వాళ్లు వేసిన బొమ్మలు అందులో అచ్చయ్యాయి. సీమ పల్లెల పిల్లలు రాయగలరని, రాసింది అచ్చుకు తగినదేనని కళ్లముందు కనబడింది. 2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ప్రతి బడిలో గ్రంథాలయం ఉండాలని, అందులో కథల పుస్తకాలు కూడా ఉండాలని చట్టం షెడ్యూలులోనే రాశారు. 2018లో వచ్చిన సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు పెట్టారు. ఈలోగా అంగళ్లలో వేలాడే పిల్లల పత్రికలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. చందమామ అచ్చు కూడా 2013 నాటికి ఆగింది.

తగవంతా ఇక్కడే పుట్టింది. పిల్లలు రాయడం మొదలుపెట్టిన కాలంలోనే, పుస్తకం కొనే చేయి మారిపోయింది. కొనేది నాయన కాదు, బడి. బడి కొన్నది స్టాకు రిజిస్టరులోకి ఎక్కుతుంది, దాని కింద ప్రధానోపాధ్యాయుడి సంతకం ఉంటుంది. రేపు ఏ తల్లో తండ్రో ‘ఇదేం తెలుగు?’ అని అడిగితే జవాబు చెప్పాల్సింది ఆయనే. ఆ భయం పుస్తకం అచ్చుకాక ముందే పనిచేస్తుంది. ప్రచురణకర్త ఆయన భయాన్ని ముందే ఊహించుకుంటాడు, సంపాదకుడు ప్రచురణకర్త భయాన్ని ఊహించుకుంటాడు. చివరికి అచ్చయ్యేది ఎవరికీ అభ్యంతరం లేని తెలుగు.

ఉదాహరణకు ‘జేజి సంగటి గెలుకుతాంది’ అన్న వాక్యం తీసుకుందాం. అచ్చులో ఇది ‘నానమ్మ రాగిముద్ద కలుపుతోంది’ అవుతుంది. అర్థం ఒకటే కదా అనిపిస్తుంది. కాదు. ఎసట్లో బియ్యమో నూకలో మెత్తగా ఉడికాక, పైన రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, దించి, గిన్నెను కదలకుండా కాళ్ల మధ్య అదిమి పట్టుకుని, తెడ్డుతో ఉండలు చిదుముతూ బలంగా తిప్పితే అది గెలకడం. చెమటలు పట్టే పని అది. కలపడం పెరుగన్నానికి సరిపోతుంది. ఆ పిల్ల చూసింది జేజి రెక్కల కష్టం. అచ్చులో కనబడేది చెంచా తిప్పుతున్న నానమ్మ.

ఈ మార్పు ఒక్క చోట జరగదు, అందుకే ఎవరినీ పట్టుకోలేం. మొదటిది సాపుప్రతి. పిల్లల చేతిరాత డి.టి.పి. వాళ్లకు అర్థం కాదని ఉపాధ్యాయులు తిరగరాస్తారు, రాస్తూ రాస్తూ దిద్దుతారు. రెండోది సంపాదకుడి బల్ల. మూడోది టైపు. చాలా చోట్ల ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే టైపు చేస్తారు. దాన్ని యూనికోడ్‌కు మార్చినప్పుడు వత్తులు చెదురుతాయి. చెదిరిన మాట తెలిసినదైతే సరిచేస్తారు, తెలియని సీమ మాటైతే తప్పనుకుని వేరే మాట పెట్టేస్తారు. నాలుగోది ప్రూఫు. విజయవాడలోనో హైదరాబాదులోనో కూర్చున్న ప్రూఫు రీడరుకు ‘ఎనుము’ కంటే ‘గేదె’ దగ్గర, ‘గెనుసుగడ్డ’ కంటే ‘చిలగడదుంప’ దగ్గర. ఈ నాలుగు చోట్లా ఎవరు ఏం మార్చారో రాసిపెట్టే కాగితం ఉండదు.

‘మాటలు మార్చకుండా చివర అర్థాలు ఇవ్వొచ్చు కదా’ అని అడిగేవాళ్లున్నారు. ఇక్కడ లెక్క అడ్డమొస్తుంది. బడి పిల్లల పుస్తకం ఎక్కువగా 16 పేజీల ఒక ఫారం, అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచేది, మధ్యలో పిన్ను. పిన్ను కొట్టే పుస్తకంలో పేజీలు నాలుగు నాలుగుగానే పెరుగుతాయి. అర్థాలకు ఒక్క పేజీ కావాలంటే పుస్తకం 20 పేజీలవుతుంది. రంగుల పుస్తకమైతే ఆ నాలుగు పేజీలకు మళ్లీ నాలుగు ప్లేట్లు, ఇంకోసారి మెషిను ఎక్కించడం. వెయ్యి కాపీల పుస్తకానికి ఇది చిన్న ఖర్చు కాదు. పది మాటలు మార్చేస్తే ఖర్చే లేదు. భాష మీద చులకనతోనే అంతా జరుగుతోందనడం సగమే నిజం, మిగతా సగం ఈ లెక్క.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన ఇంగ్లిష్ మీడియం జీవోలు 81, 85 ఈ ఒత్తిడిని ఇంకాస్త బిగించాయి. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసినా, 2020–21 నుంచి ఒక పక్క తెలుగు, ఎదురుగా ఇంగ్లిష్ ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. కథల పుస్తకాలూ ఆ దారి పట్టాయి. రెండు పేజీలూ వరుసకు వరుస సరిపోవాలంటే ‘గెలకడం’ లాంటి మాట ఇబ్బంది పెడుతుంది. ఇంగ్లిష్‌లో తేలిగ్గా ఇమిడే తెలుగే మిగులుతుంది.

ఉపాధ్యాయుల మాటలోనూ బలం ఉంది. ‘జేజి’ అంటే కడప పిల్లకు నాయనమ్మ, కోస్తా పిల్లకు దేవుడు. ‘వచ్చా’ అని కడప పక్క అంటే ‘వస్తాను’ అని, కోస్తాలో ‘వచ్చాను’ అని. అప్పుడప్పుడే చదవడం కూడబలుక్కుంటున్న రెండో తరగతి పిల్లలకు ఇది కథనే తిప్పేస్తుంది. ఆదోని, రాయదుర్గం పక్క ఇళ్లలో కన్నడమో ఉర్దూనో మాట్లాడే పిల్లలున్నారు. వాళ్లకు సీమ తెలుగు కూడా బయటి మాటే. పరీక్ష పేపరు ఏ తెలుగులో వస్తుందో ఆ తెలుగే నేర్పాలన్నది ఉపాధ్యాయుల వాదన.

దీనికి అనుభవమున్న రచయితలు ఏళ్ల కిందటే ఒక దారి కనుక్కున్నారు. తగవు వేడిలో దాన్ని ఎవరూ తలుచుకోవడం లేదు. వస్తువుల, జంతువుల, తిండి పేర్లన్నీ సీమవే ఉంచాలి: ఎనుము, ఎర్రగడ్డ, ఉర్లగడ్డ, సంగటి. కథ చెప్పే వాక్యాల్లో క్రియల చివరలు పుస్తక భాషలో పెట్టాలి. సంభాషణల జోలికి మాత్రం పోకూడదు. అప్పుడు ‘వచ్చా’ తిరకాసు కొటేషన్ల లోపలే ఉంటుంది, ముందువెనకల వాక్యాలు దాన్ని తేల్చేస్తాయి. ఒకటి రెండు తరగతుల పుస్తకంలో పేజీకి కొత్త మాట ఒకటి, మహా అయితే రెండు. దానికి అర్థం చివరి పేజీలో కాదు, ఆ పేజీ బొమ్మలోనే దొరకాలి. తెడ్డు పట్టుకున్న జేజి బొమ్మ ఉంటే ‘గెలుకు’కు అర్థాల పట్టిక అక్కర్లేదు, నాలుగు పేజీలూ పెరగవు. బొమ్మలు వేసేవాళ్లకు తెడ్డు ఎలా ఉంటుందో ఫోటో తీసి పంపాలి. పంపకపోతే గరిటె వస్తుంది.

కార్యశాల నడిపే తీరులోనూ జాగ్రత్తలున్నాయి. ముప్పై నలభై మందికి మించకూడదు. మొదటి పూట కాగితం ఇవ్వకూడదు, నోటితో చెప్పించాలి. కాగితం చూడగానే పిల్లలు పాఠంలోని తెలుగుకు మారిపోతారు. రెండో పూట ఒకరు చెబుతుంటే ఇంకొకరు విన్నది విన్నట్టు రాయాలి. ఎర్రసిరా దిద్దుబాటులో రెండు రకాలను వేరుచేయాలి: దీర్ఘం, వత్తు తప్పితే అది దోషం, దిద్దాల్సిందే. ‘గెనుసుగడ్డ’ దోషం కాదు. పిల్లల అసలు కాగితాలు ఫోటో తీసి, సాపుప్రతి దగ్గర్నుంచి ప్రూఫు దాకా నాలుగు చోట్లకూ వెంట పంపాలి.

‘ఈ మాటలు ఏ నిఘంటువులో ఉన్నాయి?’ అని తగవులో గట్టిగా వినబడే ప్రశ్నకు జవాబు కొత్తదేమీ కాదు. భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరా రైతుల నోట పదాలు సేకరింపజేసి వేసిన మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం 1962లోనే వచ్చింది. సేద్యం మాటలకు అచ్చులో చోటు దొరికి అరవై ఏళ్లు దాటింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే బోధన సాగాలంటుంది.

ఇప్పుడు రచయితలు అడుగుతున్నది ఒక్కటే, చివరి ప్రూఫు. ఇప్పటి పద్ధతిలో ఆ పి.డి.ఎఫ్. ప్రెస్సు నుంచి వాట్సాప్‌లో ప్రధానోపాధ్యాయుడికి వెళ్తుంది, ఆయన సరేనంటే అచ్చవుతుంది. దాన్ని కథ రాసిన పిల్లలకు ఒక పూట ఇచ్చి, పైకి చదివించి, తాము రాయని మాట కనబడిన చోట పెన్సిలుతో గీత పెట్టించాలంటున్నారు. బడి పెద్దల అభ్యంతరం ఆ ఒక్క పూట గురించే: అచ్చు ఆలస్యమైతే గ్రాంటు గడువు దాటిపోతుందని.