మాంట్‌గొమరీ బస్సుల బహిష్కరణకు ముందూ వెనకా

1955 డిసెంబరు 1 సాయంత్రం అలబామా రాష్ట్ర రాజధాని మాంట్‌గొమరీలో రోసా పార్క్స్ బస్సులో తన సీటు ఒక తెల్లవ్యక్తికి వదలడానికి ఒప్పుకోక అరెస్టయ్యారు. పగలంతా కుట్టుపని చేసి అలసిపోయి లేవలేకపోయారన్న కథ ఆ ఘటన చుట్టూ అల్లుకుంది. అది ఆమెకూ, ఆమెకు ముందు ఏళ్ల తరబడి పాటుపడిన స్త్రీలకూ తీరని అన్యాయం చేసే కథ. పార్క్స్ 1943లోనే పౌరహక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ స్థానిక శాఖలో చేరి, కార్యదర్శిగా పనిచేసినవారు.

ఆ ఊరి బస్సుల్లో 36 సీట్లుండేవి. ముందరి 10 సీట్లు ఖాళీగా ఉన్నా నల్లజాతీయులు అక్కడ కూర్చోకూడదు. నడిమి వరుసల్లో కూర్చోవచ్చు గానీ, తెల్లవాళ్లలో ఒక్కరికి చోటు కావలసి వచ్చినా వరుసలోని నల్లవాళ్లందరూ లేవాలి. చాలామంది డ్రైవర్లు నల్లజాతివాళ్లను ముందు తలుపు దగ్గర చార్జీ ఇమ్మని, కిందికి దింపి, వెనక తలుపు నుంచి ఎక్కమనేవారు. వాళ్లు అక్కడికి చేరేలోగా బస్సు కదిలిపోవడం కూడా మామూలే. ప్రయాణికుల్లో నాలుగింట మూడొంతులు నల్లజాతీయులే కావడం, అంటే కంపెనీ బతుకుతున్నదే వాళ్ల డబ్బుతో కావడం, ఈ వ్యవస్థలోని అవమానాన్ని మరింత దుర్భరం చేసింది. 1900లో ఇదే ఊళ్లో ట్రాముల్లో సీట్లు విడదీసినప్పుడు కూడా నల్లజాతీయులు వాటిని ఎక్కడం మానుకున్నారు.

అలబామా స్టేట్ కాలేజీలో ఇంగ్లిష్ బోధించే జో ఆన్ రాబిన్సన్ 1949లో దాదాపు ఖాళీగా ఉన్న బస్సులో ముందువైపు కూర్చున్నందుకు డ్రైవరు ఆమెపై విరుచుకుపడ్డాడు. ఆ తర్వాత ఆమె మహిళా రాజకీయ మండలికి నాయకత్వం వహించి, బస్సుల్లో జరుగుతున్నదాన్ని నగర పాలకుల ముందు పదేపదే పెట్టారు. బడుల్లో జాతి విభజన చెల్లదని సుప్రీంకోర్టు చెప్పిన నాలుగు రోజులకే, 1954 మే 21న, పరిస్థితి మారకపోతే బహిష్కరణ తప్పకపోవచ్చని మేయరు గేల్‌కు లేఖ రాశారు. మరుసటి మార్చిలో క్లాడెట్ కాల్విన్ అనే 15 ఏళ్ల బాలిక, అక్టోబరులో 18 ఏళ్ల మేరీ లూయిజ్ స్మిత్ ఇదే విధంగా అరెస్టయ్యారు. అందుకే పార్క్స్ అరెస్టు వార్త అందిన రాత్రి రాబిన్సన్ ఎవరి అనుమతి కోసమూ చూడలేదు. ఒక సహోద్యోగి, ఇద్దరు విద్యార్థుల సాయంతో కాలేజీ యంత్రం మీద తెల్లవారేదాకా వేల కరపత్రాలు సైక్లోస్టైల్ చేశారు. సోమవారం ఎవరూ బస్సెక్కవద్దన్నదే వాటి సారాంశం. చరిత్రలో ఆ రాత్రికి దక్కవలసినంత చోటు ఇంకా దక్కలేదని నా నమ్మకం.

డిసెంబరు 5న బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. కోర్టు పార్క్స్‌కు 10 డాలర్ల జరిమానా, 4 డాలర్ల ఖర్చులు వేసింది. ఆ మధ్యాహ్నమే ఏర్పడిన మాంట్‌గొమరీ ఇంప్రూవ్‌మెంట్ అసోసియేషన్‌కు, ఊరికి కొత్తగా వచ్చిన 26 ఏళ్ల పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ అధ్యక్షుడయ్యారు. మొదటి కోర్కెల్లో విభజన రద్దు లేనే లేదు: మర్యాదగా మాట్లాడాలి, ముందు వచ్చినవారికి ముందు సీటు ఇస్తూ నల్లవాళ్లను వెనక నుంచీ తెల్లవాళ్లను ముందు నుంచీ కూర్చోబెట్టాలి, నల్లజాతీయులు ఎక్కువగా ఎక్కే రూట్లలో వాళ్లలోనుంచే డ్రైవర్లను పెట్టాలి. ఇంత కొద్దిపాటి కోర్కెలను కూడా పాలకులు తోసిపుచ్చడంతోనే పోరాటం ముదిరింది.

నల్లజాతి టాక్సీవాళ్లు బస్సు చార్జీకే, అంటే 10 సెంట్లకే, జనాన్ని ఎక్కించుకుంటుంటే, కనీసం 45 సెంట్లు తీసుకోవాలన్న నిబంధనను నగర పాలకులు ముందుకు తెచ్చారు. దాంతో, 1953లో లూయిజియానా రాష్ట్రంలోని బాటన్‌రూజ్‌లో జరిగిన బస్సుల బహిష్కరణ అనుభవాన్ని అడిగి తెలుసుకుని, సుమారు 300 సొంత కార్లతో రవాణా ఏర్పాటు చేసుకున్నారు. పెట్రోలు ఖర్చుకు జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి మరికొందరు స్త్రీలను కూడగట్టి భోజనాలు, కేకులు వండి అమ్మారు. తెలిస్తే యజమానులు పనిలోంచి తీసేస్తారు కాబట్టి వండినవాళ్ల పేర్లు బయటపెట్టేవారు కాదు. బహిష్కరణ నడిపినందుకు కింగ్ మీద జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పిన తర్వాత గిల్మోర్ ఉద్యోగం పోనే పోయింది.

1956 జనవరి 30న కింగ్ ఇంటిపై బాంబు పడింది. రెండు రోజులకు న్యాయవాది ఫ్రెడ్ గ్రే బస్సుల్లో విభజనకు వ్యతిరేకంగా ఫెడరల్ కోర్టులో దావా వేశారు. అందులో పార్క్స్ లేరు. ఆమె కేసు రాష్ట్ర కోర్టుల్లోనే నలుగుతోంది. చివరిదాకా నిలిచిన వాదులు ఆరీలియా బ్రౌడర్, సూసీ మెక్‌డొనాల్డ్, కాల్విన్, స్మిత్ అనే నలుగురు స్త్రీలు. బస్సుల్లో విభజన రాజ్యాంగ విరుద్ధమని జూన్ 5న ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరు తీర్పు చెప్పగా, సుప్రీంకోర్టు నవంబరు 13న దాన్ని ఖాయం చేసింది. సరిగ్గా అదే రోజు స్థానిక కోర్టు కార్ల ఏర్పాటును నిషేధించింది. సుప్రీంకోర్టు ఉత్తర్వు చేతికందేదాకా జనం నడిచారు. ఏడాది దాటి సాగిన బహిష్కరణ డిసెంబరు 20న ముగిసింది.

కొద్ది రోజుల్లోనే బస్సులపై కాల్పులు జరిగాయి. జనవరిలో చర్చిలపై బాంబులు వేశారు. పని పోగొట్టుకున్న పార్క్స్ దంపతులు 1957లో ఊరు విడిచి డెట్రాయిట్ చేరారు. పార్కుల్లో విభజన మీద గిల్మోర్, మరికొందరు దావా వేస్తే, నల్లజాతీయులను రానివ్వడం ఇష్టంలేక నగర పాలకులు 1959లో పార్కులన్నిటినీ మూసివేసి 1965 దాకా తెరవలేదు. ఆమె పేరు మీదున్న ఆ కేసు ఇంకా సాగి, తెల్లవాళ్లకే పరిమితమైన ప్రైవేటు బడులకు నగర మైదానాలను ప్రత్యేకంగా కేటాయించకూడదని 1974లో సుప్రీంకోర్టు చెప్పేదాకా వెళ్లింది.