సోఫీ పిస్తోలు తీసిన సీను: జార్జెట్ హేయర్ నవలల వెనక కథ

ఇంగ్లిష్ రచయిత్రి జార్జెట్ హేయర్ రాయగా 1950లో అచ్చయిన ‘ది గ్రాండ్ సోఫీ’ నవలను 2023లో అమెరికాలో మళ్లీ వేసేటప్పుడు ఒక సీనులో కొన్ని మాటలు మార్చారు. చనిపోయిన రచయిత్రి రాతలో చెయ్యి పెట్టొచ్చా అన్న వాదన దాంతో మళ్లీ లేచింది.

ఆ సీను ఇదీ. లండన్ ప్రభువుల ఇంటి కుర్రాడు హ్యూబర్ట్, ఉంగరం కుదువపెట్టి వడ్డీ వ్యాపారి దగ్గర 500 పౌండ్లు అప్పు చేస్తాడు. ఇంట్లో చెప్పలేక నలిగిపోతుంటాడు. మేనత్త అయిన హ్యూబర్ట్ తల్లి ఇంటికి వచ్చి ఉంటున్న సోఫీ ఈ సంగతి పసిగట్టి, ఒంటరిగా ఆ వ్యాపారి దగ్గరికి వెళ్తుంది. అసలు ఇస్తాను, వడ్డీ పైసా ఇవ్వనంటుంది. అతను దబాయించబోతే, చలికి చేతులు దాచుకునే బొచ్చు తొడుగులోంచి పిస్తోలు తీస్తుంది. అప్పు నోటు, ఉంగరం రెండూ పుచ్చుకుని బయటపడుతుంది. భలే సీను. కానీ ఆ వ్యాపారి యూదుడు. జిడ్డు జుట్టు, ముక్కు తీరు, వంకర నవ్వు అన్నీ యూదుల మీద యూరప్‌లో ఎన్నాళ్లుగానో తిరిగిన ఎగతాళి బొమ్మలే. నాజీ శిబిరాల్లో ఏం జరిగిందో లోకానికి తెలిసి అప్పటికి 5 ఏళ్లు.

హేయర్ 1902లో లండన్‌లోని వింబుల్డన్‌లో పుట్టింది. జబ్బుపడ్డ తమ్ముడికి కాలక్షేపంగా చెప్పిన కథే 1921లో ‘ది బ్లాక్ మాత్’ అయింది. అప్పటికి ఆమెకు 19 ఏళ్లు. 1925లో తండ్రి చనిపోయాడు. తమ్ముళ్ల భారం మీద పడింది, కలమే ఇల్లు గడిపింది. 1926లో ‘దీజ్ ఓల్డ్ షేడ్స్’ వచ్చేసరికి బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె. పేపర్లలో సమీక్ష లేదు, ప్రకటన లేదు. అయినా పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఇంక పబ్లిసిటీ ఎందుకనుకుందో ఏమో, జీవితమంతా ఇంటర్వ్యూలకు దూరంగానే ఉండిపోయింది.

1935లో ‘రీజెన్సీ బక్’తో ఆమె రీజెన్సీ కాలంలోకి అడుగుపెట్టింది. బ్రిటన్ రాజు మూడో జార్జికి మతి చెడితే కొడుకు ఆయన బదులు ఏలిన 1811–1820 రోజులవి. ఆ కాలంలోనే రాసిన జేన్ ఆస్టిన్‌కు బండి ఎలా ఉంటుందో, టోపీ ఎంతకొస్తుందో చెప్పాల్సిన పనిలేదు, చదివేవాళ్లకు తెలుసు. హేయర్ అవన్నీ తవ్వి తీయాల్సి వచ్చింది. బండ్లు, బట్టలు, ధరలు, యాస, అన్నిటికీ నోట్సు రాసుకునేది. నెపోలియన్‌ను ఓడించిన సేనాని డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ రాసే తీరు పట్టుకోవడానికి ఆయన రాసిన ఉత్తరమే ఒకటి కొనుక్కుంది. 1950లో ప్రేమ నవలల రచయిత్రి బార్బరా కార్ట్‌లాండ్ హేయర్ నవలల్లోంచి ఎత్తేస్తోందని ఒక పాఠకురాలు రాస్తే, ఆమెకు ఒళ్లు మండింది కూడా ఈ యాస దగ్గరే. తను అందరికీ దొరకని రాతల్లో ఏరుకున్న మాట ఇంకొకరి పుస్తకంలో కనపడింది మరి. గొడవ కోర్టుదాకా వెళ్లలేదు.

నాకు అసలు చిక్కు ఇక్కడే కనిపిస్తుంది. బండి చక్రం దగ్గర అంత ఖచ్చితంగా ఉన్న మనిషి మాటను పాఠకుడు వడ్డీ వ్యాపారి దగ్గర కూడా నమ్మేస్తాడు. ‘అప్పట్లో అంతే’ అనుకుంటాడు. ఆమె చూపించని అప్పటి రోజులూ ఉన్నాయి. మగ్గాలు పగలగొట్టిన కార్మికులు, 1819లో మాంచెస్టర్ సభ మీద గుర్రపు దళం దాడి ఆమె నవలల నాట్యశాలల్లోకి రావు. ‘బ్లాక్ షీప్’ (1966) హీరో ఇండియాలో బాగా సంపాదించుకుని వస్తాడు. మన కోస్తా జిల్లాలు కూడా కంపెనీ ఏలుబడిలో ఉన్న కాలం అది. ఆ డబ్బు ఎవరిదని నవలలో ఎవరూ అడగరు.

విచిత్రమేమిటంటే ఆమె మనసు ఎప్పుడూ మధ్యయుగాల మీదే. బెడ్‌ఫర్డ్ డ్యూక్ జాన్ మీద పెద్ద నవల మొదలుపెట్టింది. కానీ పన్నుల బకాయిలు తీర్చాలంటే అమ్ముడుపోయే రీజెన్సీ నవలే రాయాలి. ‘మై లార్డ్ జాన్’ పూర్తి కాకుండానే 1974లో ఆమె పోయింది, ఉన్నంతవరకు 1975లో వేశారు.

బ్రిటన్‌లో కాపీరైట్ 2044 చివరిదాకా వారసులదే కాబట్టి అక్కడ ఏ పాఠం వేయాలో వాళ్ల ఇష్టం. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్లే. 2035 నుంచి 1950 నాటి సోఫీని ఇక్కడ ఎవరైనా ఉన్నదున్నట్టు వేసుకోవచ్చు, కావాలంటే ముందుమాట జోడించి కూడా.