రేడియేషన్ అయిపోయిన రెండు నెలలకి వచ్చే దగ్గు

మా చిన్నమ్మ ఉండేది మలక్‌పేటలో మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. బ్రెస్ట్ క్యాన్సర్‌కి రేడియేషన్ పూర్తయి రెండు నెలలు దాటింది, హమ్మయ్య గండం గడిచింది అనుకున్నాం, అప్పుడు మొదలైంది పొడి దగ్గు. చలికాలం కదా అన్నారు, రోడ్డు తవ్వారు కదా దుమ్ము అన్నారు, మెడికల్ షాపు సిరప్ రెండు సీసాలు అయిపోయాయి. ఒకరోజు కూరగాయల సంచితో మెట్లెక్కి వచ్చి గుమ్మంలోనే కూలబడింది, ఏమైంది చిన్నమ్మా అంటే చెయ్యి ఊపింది తప్ప మాట రాలేదు. కరోనా టైంలో కొన్న ఆక్సీమీటర్ వేలికి పెడితే 89. పొద్దున కూర్చున్నప్పుడు చూస్తే 96 ఉంది.

దీన్ని రేడియేషన్ న్యుమోనైటిస్ అంటారు. న్యుమోనియా కాదు, పేరు దగ్గరగా ఉంటుంది అంతే, దీనికి కారణం క్రిమి కాదు. రొమ్ముకి వెనకే ఊపిరితిత్తి ఉంటుంది కదా, ఎంత జాగ్రత్తగా గురిపెట్టినా దాని అంచుకి కొంచెం తగులుతుంది. మన ఊపిరితిత్తుల్లో 30 కోట్లకు పైగా చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి, అవి ముడుచుకుపోకుండా లోపల ఒక జారుడు పూత ఉంటుంది, ఆ పూత తయారుచేసే కణాలూ పక్కనున్న సన్న రక్తనాళాలూ రేడియేషన్‌కి దెబ్బతింటాయి. అయితే దెబ్బ తగిలిన రోజే ఏమీ తెలీదు, వాపు మెల్లగా పెరిగి మామూలుగా ఒకటి నుంచి ఆరు నెలల లోపు బయటపడుతుంది, అందుకే ఎవరికీ పాత ట్రీట్‌మెంట్ గుర్తు రాదు.

చెస్ట్ డాక్టర్ సీటీ ఫిల్మ్ లైట్ మీద పెట్టి చూపించారు. తెల్లటి మచ్చ, దాని అంచు స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. ఇన్ఫెక్షన్ అయితే ఊపిరితిత్తి భాగాల్ని బట్టి పాకుతుందమ్మా, ఇది రేడియేషన్ పడ్డ మేరకే ఆగింది అన్నారు. ఆ గీత నాకింకా కళ్ళముందే ఉంది.

కీమో మందుల్లోనూ ఇలాంటివి ఉన్నాయి. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్‌కి, వృషణాల క్యాన్సర్‌కి వాడే బ్లియోమైసిన్‌ని విరిచేసే ఎంజైమ్ ఒంట్లో చాలా చోట్ల ఉంటుంది కానీ ఊపిరితిత్తుల్లో, చర్మంలో చాలా తక్కువ, అందుకే ఆ మందు అక్కడే ఎక్కువ హాని చేస్తుంది. మొత్తం డోసు 400 యూనిట్లు దాటితే రిస్క్ బాగా పెరుగుతుంది. ఈ మందు తీసుకున్నవాళ్ళు తర్వాత ఏ ఆపరేషన్‌కి వెళ్ళినా మత్తు డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి, ఎక్కువ ఆక్సిజన్ పెడితే ఊపిరితిత్తులు ఇంకా దెబ్బతినొచ్చు. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి పంపే ఇమ్యునోథెరపీ ఈమధ్య వాడుతున్నారు, దాంతో కూడా కొందరికి న్యుమోనైటిస్ వస్తుంది.

వైద్యం ముఖ్యంగా స్టెరాయిడ్స్. కానీ ముందు టీబీ, మామూలు ఇన్ఫెక్షన్ లేవని చూసుకోవాలి, ఎందుకంటే స్టెరాయిడ్ వాటిని ముదరబెడుతుంది. దగ్గు తగ్గింది కదా అని మాత్రలు సొంతంగా ఆపేస్తే మళ్ళీ తిరగబెడుతుంది, వారాల తరబడి డోసు కొంచెం కొంచెంగా తగ్గించాలి. పట్టించుకోకపోతే కొందరిలో వాపున్న చోట మచ్చకట్టి గట్టిపడుతుంది, దాన్ని ఫైబ్రోసిస్ అంటారు, అలా గట్టిపడ్డది మళ్ళీ మామూలు కాదు. నాకు భయం వేసేది అక్కడే, ఆ రెండు సీసాల సిరప్‌తో మేము పోగొట్టుకున్న రోజులు తల్చుకుంటే.

ఇప్పుడు చిన్నమ్మ ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా కూర్చోగానే మొదట చెప్పేది రేడియేషన్ సంగతే, ఫైలు సంచిలోనే ఉంటుంది. మెట్లు రెండో అంతస్తులో ఒకసారి ఆగి ఎక్కుతోంది, పైకొచ్చాక ఆక్సీమీటర్ 94 చూపిస్తోంది.