పికప్‌కి పికప్ లేదట!

టెక్సస్‌లో ఉండే మా మేనల్లుడు పోయిన ఆదివారం ఫోన్ చేసి, “మామయ్యా, నా పికప్‌కి పికప్ లేదు” అన్నాడు. మదనపల్లెలో పుట్టి పెరిగినవాడు కాబట్టి రెండు పికప్‌లూ వాడగలడు. మొదటిది వెనక తొట్టి ఉన్న బండి. రెండోది, ఆక్సిలరేటర్ తొక్కగానే బండి ఉరకడానికి మన మెకానిక్కులు పెట్టుకున్న పేరు. వాడిది పాత షెవర్లే సిల్వరాడో, 5.3 లీటర్ల వీ8 పెట్రోలు ఇంజను. సైలెన్సర్ గొట్టాలు ఇప్పటికే మార్చేశాడు. ఇప్పుడు ఇంజను వాల్వులు తెరిచే కామ్‌షాఫ్ట్ మారుస్తాడట. ఆ ఒక్క ఇంజనుకే అక్కడ పదుల కొద్దీ కామ్‌లు దొరుకుతాయి. ఏది కొనాలి?

బెంగళూరులో కూర్చుని టెక్సస్ బండికి వైద్యం చెప్పడం నాకు సరదాగానే ఉంది. ఇక్కడివాళ్ళకి ముందే ఒక మాట. మన పక్కన బిడదిలో తయారయ్యే హైలక్స్, శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు, రెండూ టర్బో డీజిల్ బళ్ళు. ఈ లెక్క వాటికి పనికిరాదు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది, బండిని ఇష్టం వచ్చినట్టు మార్చుకోనివ్వదు.

నాలుగు స్ట్రోకుల సంగతి పుస్తకాల్లో ఉంది, వదిలేస్తున్నాను. సిలిండర్‌లో పిస్టన్ కిందికి దిగుతూ గాలి పీల్చి, పైకి వస్తూ దాన్ని నొక్కుతుందని గుర్తుంటే చాలు. కామ్ అంటే కోడిగుడ్డు ఆకారపు గుబ్బలున్న ఇనుప కడ్డీ. ఇంజను రెండు చుట్లు తిరిగితే అది ఒక చుట్టు తిరుగుతుంది, గుబ్బ తగిలినప్పుడల్లా వాల్వు తెరుచుకుంటుంది. నాకు ఇందులో ఇష్టమైన ప్రశ్న ఒక్కటే: గాలి లోపలికి వచ్చే వాల్వు ఎప్పుడు మూసుకోవాలి?

కాలేజీలో పాఠం చెప్పే రోజుల్లో వాల్వ్ టైమింగ్ బొమ్మ గీయమంటే పిల్లలు జిలేబీ చుట్టినట్టు చుట్టేసేవాళ్ళు. “పిస్టన్ అడుగుకి చేరాక ఇంకో 35 డిగ్రీలకి ఇన్‌లెట్ వాల్వు మూసుకుంటుంది” అని రాసి మార్కులు తెచ్చుకునేవాళ్ళు. ఎందుకలా, పిస్టన్ పైకి బయలుదేరాక కూడా తలుపు తీసి పెట్టడమెందుకు అని అడిగితే క్లాసంతా ఫ్యాను వైపు చూసేది. నిజానికి పరీక్షలో అడగాల్సింది ఆ ఒక్క ప్రశ్నే.

పొద్దున తొమ్మిదింటికి కేఆర్ పురంలో మెట్రో ఎక్కి మెజెస్టిక్ వైపు వెళ్ళి చూడండి. తలుపు తెరుచుకోగానే ముందు నిలబడ్డవాళ్ళు ఎక్కుతారు. పెట్టె నిండిపోయిందని మనకి అనిపిస్తుంది. అయినా మెట్ల మీంచి పరుగున వచ్చే జనం ఆగరు, వాళ్ళ ఊపుకి ఇంకో పదిమంది లోపల పడతారు. తలుపు ముందే మూసేస్తే ఆ పదిమంది ప్లాట్‌ఫారం మీదే మిగిలిపోయేవాళ్ళు. గాలికీ అంతే ఊపు ఉంటుంది. ఆ వీ8లో ఒక్కో సిలిండర్ 0.67 లీటర్లు, అందులో పట్టే గాలి 0.8 గ్రాములు. గ్రాము కూడా లేదుగా అనుకోకండి. ఇంజను నిమిషానికి 6,000 చుట్లు తిరిగేటప్పుడు వాల్వు తెరిచి ఉండేది సుమారు 6 మిల్లీసెకన్లు. అంత హడావుడిలో గొట్టంలో దూసుకొచ్చే గాలి, పిస్టన్ వెనక్కి తిరిగినా వినదు, ఇంకా లోపలికి తోసుకొస్తూనే ఉంటుంది.

ఇప్పుడు పెట్టె వెనక గోడ ముందుకు జరగడం మొదలైందనుకోండి. పైకి వచ్చే పిస్టన్ అదే. బయటి జనం లోపలికి నెట్టడం, గోడ బయటికి నెట్టడం రెండూ సమానమైన క్షణంలో తలుపు మూసుకుంటే పెట్టెలో జనం గరిష్ఠం. ఇదే తలుపుని రాత్రి పదకొండింటికి అంతసేపే తెరిచి ఉంచితే? వెనకనుంచి నెట్టేవాళ్ళు లేరు, గోడ మాత్రం జరుగుతూనే ఉంది. ఎక్కినవాళ్ళే దిగిపోతారు. అదే, తక్కువ చుట్ల దగ్గర పెద్ద కామ్, అంటే వాల్వుని ఎక్కువసేపు తెరిచి ఉంచే కామ్, చేసే పని.

మెట్రో నడిపేవాడు జనాన్ని చూసి తలుపు కాస్త ఆపగలడు. కామ్ ఇనుము, దానికి కళ్ళు లేవు. పదకొండు గంటల రాత్రికీ తొమ్మిది గంటల పొద్దుటికీ ఒకటే టైము. కొత్త ఇంజన్లు చాలావాటిలో కామ్‌ని నడుస్తుండగానే కాస్త ముందుకీ వెనక్కీ తిప్పే ఏర్పాటు ఉంది. మావాడి పాత ఇంజనుకి లేదు.

ఇక్కడ కొంచెం లెక్క ఉంది, ఓపిక లేనివాళ్ళు దాటేయండి. వాడు రెండు కామ్‌లు చూపించాడు. ఒకటి 212/218, ఇంకోటి 230/236. వాల్వు 0.050 అంగుళం, అంటే 1.27 మిల్లీమీటర్లు లేచిన దగ్గర్నుంచి తిరిగి అక్కడికే దిగేదాకా క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు, ఎన్ని డిగ్రీలు తిరుగుతుందో ఆ అంకె. మొదటిది గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వుది, రెండోది కాలిన వాయువు బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుది. రెండు కామ్‌లకీ ఇన్‌టేక్ గుబ్బ శిఖరం, పిస్టన్ పైకొస నుంచి కిందికి బయలుదేరాక 108 డిగ్రీల దగ్గరే. 212లో సగం 106, దానికి 108 కలిపి 180 తీసేస్తే 34. పిస్టన్ అడుగు దాటిన 34 డిగ్రీలకి వాల్వు మూసుకోవడానికి వచ్చేస్తుంది. 230 కామ్‌కి అది 43. వాల్వు పూర్తిగా కూర్చోవడానికి ఇంకో పాతిక డిగ్రీలు పడుతుంది కాబట్టి 60, 70 అనుకుందాం. 92 మిల్లీమీటర్ల స్ట్రోకు, 155 మిల్లీమీటర్ల కనెక్టింగ్ రాడ్డుతో లెక్కేస్తే 60 దగ్గర పిస్టన్ 18 మిల్లీమీటర్లు పైకి వచ్చేసి ఉంటుంది, 70 దగ్గర 24. కాగితం మీద కంప్రెషన్, అంటే గాలిని ఎన్నో వంతుకి నొక్కుతుందో ఆ అంకె, 9.5 ఉన్న ఇంజనుకి, వాల్వు కూర్చున్నాక నిజంగా మిగిలే కంప్రెషన్ మొదటి కామ్‌తో 7.9, రెండోదానితో 7.3. నెమ్మదిగా పోయేటప్పుడు బండి నీరసంగా ఉండేది అందుకే.

మావాడు వారాంతాల్లో పడవని ట్రైలర్ మీద లాగుతాడు. అంటే వాడి ఇంజను బతుకంతా 1,500కీ 4,000 చుట్లకీ మధ్యే. పెద్ద కామ్ ఇచ్చే లాభం 5,000 దాటాక గానీ కనిపించదు. దానికి ఆటోమేటిక్ గేరుబాక్సులో క్లచ్ పని చేసే టార్క్ కన్వర్టర్ మార్చాలి, సిగ్నల్ దగ్గర బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టర్‌కి ఇంజను ఇచ్చే వాక్యూమ్ చాలుతుందో లేదో చూసుకోవాలి. ఏ కామ్‌కైనా వాల్వు స్ప్రింగులు మాత్రం తప్పవు. పాతవాటితో ఎక్కువ చుట్లు తిప్పితే వాల్వు గుబ్బని వదిలేసి గాల్లో తేలుతుంది.

జేసీ రోడ్డులో స్పేర్ పార్టులు అమ్మే మిత్రుడికి ఈ కథ చెబితే, “పెద్ద నంబరే బలం సార్” అని తేల్చేశాడు. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టుకున్నాడు. దానిమీద నాకు ఫిర్యాదు లేదు, అది ఇంజను లోపలికి పోదు. ఈ పెద్ద నంబరు నమ్మకమే లోపలికి పోతుంది.

మావాడికి 212 రాశాను. రెండు రోజులు జవాబు లేదు. తర్వాత అసలు సంగతి బయటపడింది. “ఆ శబ్దం రాదు కదా మామయ్యా!” నిలబడి ఉన్నప్పుడు పెద్ద కామ్ ఇంజను గుబగుబమని తడబడుతూ కొట్టుకుంటుంది, కుర్రాళ్ళకి అదంటే ప్రాణం. ఎగ్జాస్ట్ వాల్వు మూసుకోకముందే ఇన్‌టేక్ తెరుచుకుంటే, ఐడిలింగ్‌లో కాలిన వాయువు వెనక్కి తిరిగి కొత్త గాలిలో కలుస్తుంది. ఒక మంట సరిగ్గా అంటుకుంటుంది, ఇంకోటి అంటుకోదు. పచ్చిగా చెప్పాలంటే ఇంజనుకి పొలమారుతోంది.

“ఎవరో తలుచుకుంటున్నారేమో!” అన్నాడు.

సరే, వాడి ముచ్చటెందుకు కాదనాలి అని మళ్ళీ కాగితం తీశాను. రెండు అంకెల సగటులోంచి, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ గుబ్బల శిఖరాల మధ్య డిగ్రీల ఎడానికి రెట్టింపు తీసేస్తే, రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం వస్తుంది. 212/218కి సగటు 215. కేటలాగులో ఎడం 112, కాబట్టి 215లోంచి 224 పోతే మైనస్ 9. వాల్వు 1.27 మిల్లీమీటర్లు లేచిన దగ్గర్నుంచే లెక్క కాబట్టి మైనస్ వచ్చింది; అది సున్నాకి దగ్గరైన కొద్దీ రెండూ కలిసి తెరిచి ఉండేది ఎక్కువ. ఎడాన్ని 108కి తగ్గించి చేయించుకుంటే మైనస్ 1. ఇన్‌టేక్ శిఖరాన్ని అక్కడే ఉంచమంటే తలుపు మూసే టైము 34 డిగ్రీల దగ్గర కదలదు, ట్రైలర్ లాగే బలం పెద్దగా పోదు. కాస్త పొలమారుతుంది కూడా. ఆ అంకె పంపాను.