కోయకుండా వదిలిన ఆరు సెంటీమీటర్లు

గుంటూరు గోరంట్ల వైపు ఇల్లు కట్టుకున్న ఒకాయన అడిగారు: "మా పెరట్లో పెద్ద వేపచెట్టు ఎండిపోయినట్టుంది. మా బాబాయికి ఊళ్ళో చెట్లు కొట్టిన అనుభవం ఉంది. ఆయన్ని పక్కన పెట్టుకుని మేమే పడగొట్టుకోవచ్చా? ఒక పక్కనుంచి కోసుకుంటూ పోతే మనం అనుకున్న వైపు పడుతుందా?"

పడదండీ. ఒక పక్కనుంచి కోసుకుంటూ పోతే ఎటు పడాలో చెట్టే తేల్చుకుంటుంది, ఎప్పుడు పడాలో కూడా అదే తేల్చుకుంటుంది. కానీ సరిగ్గా కోస్తే రెండు టన్నుల మాను మనం గీసిన గీత మీదికి వచ్చి పడుకుంటుంది, ఇందులో ఉన్న ఫిజిక్స్ నాకు ఎంత ఇష్టమంటే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దానికే పోతుంది.

ముందు చెప్పాల్సినవి త్వరగా చెప్పేస్తాను. మన రాష్ట్రంలో నీరు, భూమి, చెట్ల రక్షణకు చేసిన 2002 నాటి వాల్టా చట్టం ఉంది, సొంత స్థలంలో చెట్టయినా చాలా రకాలకు అనుమతి తీసుకునే కొట్టాలి. సర్వీసు వైరు దగ్గర్లో ఉంటే లైన్‌మన్ వచ్చి కరెంటు తీసేదాకా ఎవరూ చెట్టు ముట్టుకోకూడదు. ఇంకొకటి, మీ వేప నిజంగా చచ్చిందో లేదో చూడండి. 2021, 2022 ప్రాంతంలో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు చిటారు కొమ్మల నుంచి మాడిపోతూ వచ్చాయి, అది ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే తెగులు, దానికి తోడు టీ దోమ అనే రసం పీల్చే పురుగు. అలా మాడిన చెట్లు చాలావరకు మళ్ళీ చిగురు వేశాయి. కొమ్మ మీద బెరడు గోటితో గీకి చూడండి, కింద పచ్చగా, తడిగా ఉంటే ఆగండి. వేప అంత తొందరగా ప్రాణం వదలదు.

ఇక అసలు సంగతి. చెట్టు కోసేటప్పుడు మూడు కోతలుంటాయి. పడాల్సిన వైపు రెండు కోతలతో నోరు తెరిచినట్టు ఒక గాటు తీస్తారు. తర్వాత వెనకనుంచి ఒక కోత. ఈ వెనక కోత ముందు గాటును చేరుకోకముందే ఆపేస్తారు. రెండింటి మధ్య కోయకుండా ఒక పట్టీలాంటి చెక్క మిగులుతుంది. నేను దాన్ని కీలు అంటాను, ఎందుకంటే చెట్టు మొత్తం దాని మీదే తలుపులా తిరిగి కిందికి వస్తుంది.

లెక్క వేద్దాం. మాను అడ్డంగా 60 సెంటీమీటర్లు అనుకోండి. ముందు గాటు లోతు అందులో ఐదో వంతు, అంటే 12 సెంటీమీటర్లు. వృత్తంలో అంత లోతున అడ్డంగా గీత గీస్తే దాని పొడవు సరిగ్గా 48 వస్తుంది, పదో తరగతి పిల్లలు పైథాగరస్‌తో తేల్చగలరు. కీలు మందం వ్యాసంలో పదో వంతు, 6 సెంటీమీటర్లు. అంటే మన కీలు 48 పొడవు, 6 మందం ఉన్న చెక్క పట్టీ. ఏ పదార్థమైనా వంగడానికి ఎంత మొండికేస్తుందన్నది అది వంగే దిశలో ఉన్న మందం ఘనం మీద ఆధారపడుతుంది. మందం రెట్టింపయితే మొండితనం ఎనిమిది రెట్లు. ఈ పట్టీ ముందుకు వంగాలంటే వంగే దిశలో మందం 6 మాత్రమే, పక్కకు వంగాలంటే 48. రెండూ లెక్కగడితే పక్కకు వంచడం ముందుకు వంచడం కన్నా 64 రెట్లు కష్టం! అందుకే చెట్టు ముందుకు సులువుగా వంగుతుంది, పక్కకు మాత్రం తిరగనంటుంది. పెద్ద తలుపుకు ఒకే బందు వేస్తే ఊగిసలాడుతుంది, పైనొకటి కిందొకటి దూరంగా వేస్తే గట్టిగా నిలబడి కావలసినట్టే తిరుగుతుంది, ఇక్కడ ఆ రెండు బందులూ కీలు రెండు చివర్లే.

దీంట్లోంచి ఒక విచిత్రమైన ఫలితం వస్తుంది. పాత వేప, చింత మానుల్లో నడుమ డొల్ల ఉండటం మామూలే. కీలు పొడవులో మధ్య మూడో వంతు డొల్లయిపోయిందనుకుందాం. పక్కకు ఒరగకుండా ఆపే మొండితనంలో ఎంత పోతుంది? మూడో వంతు ఘనం, అంటే ఇరవై ఏడో వంతు. అంతే! అదే పుచ్చు ఒక చివర ఉంటే మాత్రం చెట్టు రెండో చివరవైపు లాగేసి తిరిగిపోతుంది. అనుభవమున్న మనిషి గొడ్డలి వెనక్కి తిప్పి మాను చుట్టూ తడుతూ చెవి పెట్టి వినేది ఇందుకే. నడుమ ఎంత డొల్ల ఉందన్న దానికన్నా, కీలు చివర్లు పడే రెండు చోట్లా గట్టి మోత వస్తుందా రాదా అన్నది ముఖ్యం. (డొల్ల ఉన్నా పర్వాలేదని నేను అనడం లేదు. బరువు మోసే చెక్క తగ్గుతుంది, పుచ్చు ఎక్కడిదాకా పాకిందో పైకి కనపడదు.)

మందం సంగతికి వస్తే, భయం కొద్దీ కీలు మందంగా ఉంచితే మంచిది కదా అనిపిస్తుంది. మందం 12 చేస్తే పక్క బలం రెండింతలే పెరుగుతుంది, ముందుకు వంగే మొండితనం ఎనిమిదింతలు. చెట్టు వంగదు. వంగనప్పుడు ఏం చేస్తుంది? చీలుతుంది. చెక్క పోగుల వెంబడి లాగితే తెగడానికి ఎంత బలం కావాలో, పోగుల్ని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడానికి అందులో ఇరవయ్యో ముప్పయ్యో వంతు చాలు, కట్టెలు కొట్టిన వాళ్ళందరికీ చేతులతో తెలిసిన నిజం ఇది. పైగా చెట్టు లోపల ముందే టెన్షన్ ఉంటుంది: కొత్తగా ఏర్పడే కణాలు గట్టిపడేటప్పుడు నిలువునా కుంచించుకోవాలని చూస్తాయి, పక్కనున్న పాత చెక్క వాటిని కుంచించుకోనివ్వదు, దాంతో మాను పైపొరలన్నీ ఎప్పుడూ లాగి కట్టిన తీగల్లా బిగిసి, నడిమి భాగం నొక్కుడులో ఉంటుంది. చెక్క లాగుడును తట్టుకున్నంతగా నొక్కుడును తట్టుకోలేదు, గాలికి వంగినప్పుడు నొక్కుడు పడే వైపు ముందే కొంత లాగి ఉంటే ఆ మేరకు నలగకుండా బతికిపోతుంది. ఎంత తెలివైన ఏర్పాటో చూడండి. కానీ ఒరిగిన చెట్టుకు వెనకనుంచి మామూలుగా కోత పెడితే ఆ బిగువంతా ఒక్కసారి విడుదలై, కోత సగంలో ఉండగానే మాను నిలువునా చీలి, వెనక సగం మనిషి ఛాతీ ఎత్తులో వెనక్కి తన్నుతుంది. తప్పించుకునే టైము ఉండదు. బాగా ఒరిగిన చెట్టయితే మీరూ మీ బాబాయీ దాని జోలికి పోవద్దు.

ముందు గాటు ఎంత వెడల్పుగా తెరవాలి? చెట్టు వంగేకొద్దీ ఆ నోరు మూసుకుంటూ వస్తుంది, పూర్తిగా మూసుకున్న క్షణం కీలు పుటుక్కున తెగుతుంది. 45 డిగ్రీలే తెరిస్తే చెట్టు సగం దారిలో ఉండగానే పగ్గం తెగినట్టే. 70 డిగ్రీలు తెరిస్తే దాదాపు నేల దాకా కీలు పట్టుకునే ఉంటుంది. ఇంకో చిన్న విషయం ఉంది, చాలామంది దీన్ని పట్టించుకోరు. గాటులోని రెండు కోతలూ ఒకే గీత మీద కలవాలి. ఒకటి వేలెడంత లోపలికి పోయిందనుకోండి, లోపల రంపం పళ్ళ మందాన ఒక సన్నని చీలిక మిగులుతుంది. ఆ చీలిక చెట్టు కొద్దిగా వంగగానే మూసుకుపోతుంది, పైన నోరు ఎంత తెరిచి ఉన్నా లాభం లేదు. వంగి, గాటులోకి కన్ను పెట్టి, పొట్టు ఊదేసి చూసుకోవాల్సిన చోటు ఇదే.

మనవాళ్ళలో వేపచెట్టు కొట్టాలంటే జంకు ఉంది, శుక్రవారం వద్దంటారు, అమ్మవారంటారు. మాను నుంచి తెల్లగా నురగ కారితే పాలు కారుతున్నాయని పసుపు కుంకుమలు పెట్టి జనం బారులు తీరతారు. లోపలి తడి చెక్కలో సూక్ష్మజీవులు చేరి పులిస్తే వాయువు పుట్టి ఒత్తిడికి రసం నురగలా బయటికొస్తుంది, అందులో మహిమ లేదు. కాకపోతే అలాంటి మానులో గాయమో పుచ్చో ఉందేమో చూసుకోవాలి, కీలు లెక్కకు అది చాలా ముఖ్యం. కొట్టే ముందు చెట్టు చుట్టూ తిరిగి దణ్ణం పెట్టే ఆచారాన్ని మాత్రం నేను వద్దనను, అది ఎవరికీ హాని చేయదు, చుట్టూ తిరిగినప్పుడు పైకి చూస్తే ఎండు కొమ్మలూ కాకి గూళ్ళూ కనపడతాయి.

చెట్టు వాటం కంటితో తేల్చొద్దు. తాపీమేస్త్రీ గుండు దారానికి వేలాడదీసి, కాస్త దూరంగా నిలబడి, ఒకసారి తూర్పు నుంచి, ఒకసారి దక్షిణం నుంచి చూడండి. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు బీటలు తీస్తుంది, ఆ కదలికకు ఒరిగిన చెట్లు చాలానే ఉంటాయి. కొమ్మల బరువు ఎటుందో కూడా చూడాలి. పచ్చి కట్టె ఘనమీటరు దాదాపు టన్ను తూగుతుంది, 60 సెంటీమీటర్ల మాను నాలుగు మీటర్ల ముక్కే టన్ను దాటుతుంది. కొమ్మలతో రెండు టన్నులు అనుకుని, ఆ బరువు కేంద్రం అర మీటరు వెనక్కి ఉందనుకుందాం. మోకు రెండు మీటర్ల ఎత్తులో కడితే అడ్డంగా 500 కిలోల బలంతో లాగాలి. ఎనిమిది మీటర్ల ఎత్తులో కడితే 125 చాలు, మోకు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి 140 అనుకోండి, మనుషులు లాగగలిగిన బరువు. టార్క్ (బలం తిప్పే ప్రభావం) పాఠం చెప్పేటప్పుడు మన ఇంటర్ పుస్తకాల్లో స్పానరు బొమ్మే ఎందుకు వేస్తారో, మోకు కట్టిన చెట్టు వేస్తే ఏ పల్లెటూరి పిల్లవాడూ మర్చిపోడు.

మోకు లాగేవాళ్ళు చెట్టు ఎత్తుకన్నా బాగా దూరంగా ఉండాలి, చేతికి చుట్టుకోకూడదు. వెనక కోతలో చెక్క చీలలు కొట్టడం కూడా అదే లెక్క: మన చెట్టులో కీలు నుంచి వెనక బెరడు దాకా 42 సెంటీమీటర్లు, అక్కడ రెండు సెంటీమీటర్లు పైకి లేపితే పన్నెండు మీటర్ల పైనున్న చివర 57 సెంటీమీటర్లు ముందుకు జరుగుతుంది. చీల ముందే పెట్టుకుంటే చెట్టు వెనక్కి కూర్చుని రంపం బిగుసుకుపోయే బాధ కూడా ఉండదు.

పడేటప్పుడు వేగం సంగతి చాలామందికి నమ్మశక్యంగా ఉండదు. పన్నెండు మీటర్ల ఎత్తునుంచి జారిన కాయ గంటకు 55 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. అదే ఎత్తున్న నిలువు దుంగ మొదలు మీద తిరిగి పడితే దాని చివర 68 కిలోమీటర్ల వేగంతో తాకుతుంది, కింద భాగం బరువు కూడా చివరను లాగుతుంది కాబట్టి. కొమ్మలకు గాలి అడ్డం వచ్చి కొంత తగ్గొచ్చు. వంగడం మొదలుకాగానే కోసే మనిషి రంపం ఆపి, పడే దిశకు వెనక ఏటవాలుగా, ముందే శుభ్రం చేసుకున్న దారిలో నడిచి వెళ్ళిపోవాలి. మొదలు దగ్గర నిలబడి చూడటం చాలా ప్రమాదాలకు కారణం. హవాయి చెప్పులతో, తలకు తువ్వాలు చుట్టుకుని చెట్లు కోసేవాళ్ళను చూస్తే నాకు గుండె దడ. హెల్మెట్టూ బూట్లూ కొనివ్వండి, అది మీ బాధ్యత.

ఈ కీలు లెక్కలన్నీ కొబ్బరికీ తాటికీ పనికిరావు. వాటిలో బలమంతా పైపొరలోని నారకట్టలదే, నడుమ మెత్తన. ముందు మట్టలూ మొవ్వూ దించి, పైనుంచి ముక్కలుగా కోసుకుంటూ రావడమే వాటికి పద్ధతి.

ఇప్పుడు మీ ప్రశ్నకు సూటిగా జవాబు. చెట్టు పచ్చిది, నిట్టనిలువుది, మోత గట్టిగా ఉంది, ముందు చెట్టు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల ఖాళీ ఉంది, మీ బాబాయి ఈ కీలు సంగతి మీకన్నా ముందు తనే చెప్పారు, అలాగైతే చేసుకోండి. బ్రాడీపేటలోలాగా ఇల్లూ ఇల్లూ ఆనుకుని ఉండేచోట అసలు నిలువు చెట్టు పడగొట్టే మాటే లేదు. మీది మాత్రం ఎండిందంటున్నారు. పచ్చి చెక్క కణాల గోడల్లో నీళ్ళుంటాయి, అందుకే పోగులు సాగుతాయి, కీలు చివరిదాకా పట్టుకుంటుంది. ఎండిన చెక్క బలంలో ఎక్కువే, కానీ సాగదు, కాస్త వంగగానే ఠక్కున విరుగుతుంది, అప్పుడు చెట్టుకు దారి చూపించేది ఏదీ ఉండదు. పైగా కోత అదురుకు పైనుంచి ఎండు కొమ్మలు రాలతాయి. గోటితో గీకినచోట ఎక్కడా పచ్చదనం లేకపోతే చెట్టు ఎక్కొద్దు, ఎవర్నీ ఎక్కించొద్దు, బుట్ట ఉన్న క్రేను పిలిపించి పైనుంచి ముక్కలుగా దించమనండి. పచ్చదనం కనిపిస్తే ఇంకో చిగురు కాలం చూసి, అప్పుడు మళ్ళీ రాయండి.