లావు బ్యారెలా, సన్న బ్యారెలా?

ఒలింపిక్స్‌లో రెండు ఆటలకు ఒకే రకం తూటా వాడతారు. వేసవి క్రీడల్లో 50 మీటర్ల రైఫిల్ త్రీ పొజిషన్స్ (మోకాలిపై, పడుకుని, నిలబడి కాల్చే పోటీ), శీతాకాల క్రీడల్లో బయాథ్లాన్ (స్కీయింగ్, షూటింగ్ కలిసిన పోటీ). రెండింట్లోనూ పాయింట్ టూటూ లాంగ్ రైఫిల్ అనే చిన్న తూటాయే, దూరమూ అదే 50 మీటర్లు. రైఫిళ్లను పక్కపక్కన పెడితే మాత్రం చుట్టరికం ఉందంటే నమ్మబుద్ధి కాదు. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన త్రీ పొజిషన్స్‌లో రైఫిల్ 8 కిలోల దాకా ఉండొచ్చు. బయాథ్లాన్‌లో 3.5 కిలోలకు తగ్గకూడదని నిబంధన. ఒకచోట "ఇంతకు మించొద్దు", ఇంకోచోట "ఇంతకు తగ్గొద్దు" అని చెప్పాల్సి వచ్చిందంటేనే ఎవరి మనసు ఎటు లాగుతోందో తెలిసిపోతుంది. ఒకరు ఉన్నచోటు నుంచి కదలరు. ఇంకొకరు రైఫిల్‌ను వీపున వేసుకుని, పోటీని బట్టి 20 కిలోమీటర్ల దాకా మంచులో స్కీలపై పరిగెడతారు. త్రీ పొజిషన్స్‌లో పది పాయింట్ల వలయం వ్యాసం 10.4 మిల్లీమీటర్లు. బయాథ్లాన్‌లో లక్ష్యం వ్యాసం పడుకుని కాల్చేటప్పుడు 45, నిలబడి కాల్చేటప్పుడు 115 మిల్లీమీటర్లు.

ఈ బరువు తేడా అంతా బ్యారెల్‌దే, అంటే తూటా దూసుకెళ్లే గొట్టానిదే కాదు, భుజానికి ఆనించే స్టాక్‌దీ ఉంది. కానీ బ్యారెల్ లావు గురించి షూటర్లు వాదించుకున్నంతగా స్టాక్ గురించి వాదించుకోరు. లావుగా ఉంటే గురి బాగా కుదురుతుందని చాలామంది నమ్మకం. అది సగమే నిజం.

ట్రిగ్గర్ నొక్కాక టూటూ బుల్లెట్ బ్యారెల్ దాటి బయటపడటానికి 2 మిల్లీసెకన్ల పైనే పడుతుంది. ఆలోగానే బ్యారెల్ వణకడం మొదలవుతుంది. మూతి ఒక డిగ్రీలో అరవయ్యో వంతు పక్కకి తిరిగినా 50 మీటర్ల దగ్గర 14.5 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. పది పాయింట్లు గోవిందా. వణుకును పూర్తిగా ఆపడం ఎవరి వల్లా కాదు, ఆపక్కర్లేదు కూడా. ప్రతిసారీ ఒకేలా వణికితే చాలు, గురి చూసే సైట్లు దానికి తగ్గట్టు సరిచేసుకోవచ్చు. గట్టిగా ఉన్న బ్యారెల్ తక్కువ ఊగుతుంది కాబట్టి, తూటాకీ తూటాకీ ఉండే చిన్న తేడాలు దాని మీద అంతగా బయటపడవు.

ఆ గట్టితనానికి బరువు రూపంలో ఎంత కట్టాలో లెక్కేసి చూద్దాం. చాలా బ్యారెళ్లు వెనక లావుగా, మూతి దగ్గర సన్నగా ఉంటాయి. లెక్క తేలికగా ఉండటానికి 60 సెంటీమీటర్ల తిన్నని ఉక్కు గొట్టం, లోపల 7.62 మిల్లీమీటర్ల రంధ్రం అనుకుందాం. బయటి వ్యాసం 15 మిల్లీమీటర్లయితే దాదాపు 620 గ్రాములు తూగుతుంది. 22 అయితే 1,580 గ్రాములు. బరువు రెండున్నర రెట్లు పెరిగింది, వంగకుండా నిలిచే గుణం మాత్రం దాదాపు ఐదు రెట్లయింది. అది వ్యాసం నాలుగో ఘాతంతో ముడిపడి ఉండటమే కారణం.

పొడవు సంగతి చాలామందికి గుర్తు రాదు. అదే సన్న గొట్టాన్ని 50 సెంటీమీటర్లకు కోస్తే, మూతి దగ్గర అంతే బలానికి వంగేది 58 శాతానికి పడిపోతుంది, బరువూ తగ్గుతుంది. పెద్ద తూటాలైతే ఆ కోతకు కొంత వేగం పోగొట్టుకుంటాయి. టూటూలో పేలుడు మందు త్వరగా కాలిపోతుంది కాబట్టి దానికి పెద్దగా నష్టం లేదు.

టూటూకి వేడి పెద్ద సమస్య కాదు. 7.62 నేటో లాంటి పెద్ద రైఫిల్ తూటాకి వస్తే కథ మారుతుంది. అందులో సుమారు 3 గ్రాముల మందు, దాన్నుంచి పుట్టే శక్తి 11,000 జౌళ్ల పైచిలుకు. బుల్లెట్‌కి దక్కేది అందులో మూడో వంతే. మిగతాదాంట్లో ఒక 2,500 జౌళ్లు బ్యారెల్ గోడల్లోకి పోయాయనుకుంటే, మన సన్న గొట్టం ఒక్కో తూటాకి 8 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, లావుది మూడున్నర. వరసగా పది కాలిస్తే మొదటిది 80 డిగ్రీలు దాటి పెరుగుతుంది, రెండోది 40 లోపే. తయారీలో ఉక్కులో మిగిలిపోయిన ఒత్తిళ్లు, ఒకవైపు గోడ కాస్త మందం తక్కువగా ఉండటం లాంటి లోపాలు అప్పుడే బయటపడతాయి. బ్యారెల్ మెల్లగా ఒక పక్కకి వంగుతుంది, దాంతోపాటే గుళ్లూ లక్ష్యం మీద ఆ పక్కకే జరుగుతూ పోతాయి. పైగా వేడి గాలి లేచి స్కోప్‌లో ఎండమావిలా ఆడుతుంది. దాన్ని అడ్డుకోవడానికే కొందరు బ్యారెల్ మీద పొడవాటి పట్టీ సాగదీసి కడతారు.

లావు బ్యారెల్ త్వరగా చల్లారుతుందని అనేవాళ్లూ ఉన్నారు. మందపాటి దోసె పెనంలాగే అది ఆలస్యంగా వేడెక్కుతుంది, ఆలస్యంగానే చల్లారుతుంది. పైన నిలువునా గాడులు తీస్తే కొంత బరువు తగ్గి, గాలి తగిలే పైభాగం పెరుగుతుంది. అంతే లావున్న గాడుల్లేని బ్యారెల్‌తో పోలిస్తే గట్టితనం కొద్దిగా తగ్గుతుందన్నది మాత్రం ప్రకటనల్లో కనపడదు.

ఉక్కు ఎక్కడ పెట్టారన్నదీ ముఖ్యమే. అమెరికా సైన్యపు ఎం16ఎ1 రైఫిల్ బ్యారెల్ సన్నది. 1980ల్లో ఎం16ఎ2 వచ్చినప్పుడు ముందు సైట్‌కి అవతలి భాగాన్ని మాత్రమే లావు చేశారు, చేతి పట్టు (ముందు చెయ్యి పట్టుకునే తొడుగు) కింద సన్నగానే వదిలేశారు. మూతి వంగకుండా ఉండటానికి అది పనికొచ్చిందేమో గానీ, ఎక్కువ వేడి వెనక పుడుతుంటే ఉక్కు ముందు పెట్టినట్టయింది. తర్వాత ఆటోమేటిక్‌గా కాల్చే ఎం4ఎ1కి చేతి పట్టు కింద కూడా లావు చేశారు. బ్రెన్ లాంటి మెషిన్ గన్‌కి అదీ చాలదు, అందుకే వేడెక్కిన బ్యారెల్‌ని ఊడదీసి ఇంకోటి బిగిస్తారు.

అలాస్కా కొండల్లో గొర్రెల వేటకు వెళ్లేవాడి అవసరం దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. రోజంతా ఎక్కాలి, కాల్చేది ఒకటో రెండో తూటాలు. బాగా తయారైన సన్న బ్యారెల్ చల్లగా ఉన్నప్పుడు వేసే మొదటి రెండు మూడు గుళ్లు లావుదానికి తీసిపోవు. అలాంటివాడు అదనంగా ఒక కిలో మోయడం నా దృష్టిలో దండగ. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇప్పుడు మన దేశంలో సరదా వేటకు చోటు లేదు కాబట్టి, ఇక్కడ ఈ చర్చంతా రేంజ్‌లోనే.

ఆ రేంజ్‌లో, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ దగ్గరికొచ్చేసరికి ఇప్పటిదాకా చెప్పిన వేడి లెక్కలు పనికిరావు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది ఈ పోటీలోనే. ఇక్కడ మందు లేదు, గాలి ఒత్తిడే. అయినా షూటర్లు 5.5 కిలోల పరిమితిలో బ్యారెల్ ముందువైపు చిన్న చిన్న బరువులు బిగించుకుంటారు. మూతి దగ్గర బరువుంటే చేతి వణుకుకి రైఫిల్ అంత తొందరగా కదలదు. మరీ ఎక్కువ పెడితే నడుము, భుజం అలసిపోయి చివరి సిరీస్‌లో పాయింట్లు జారుతాయి. అందుకే ఒకరికి కుదిరిన బరువు ఇంకొకరికి కుదరదు. ప్రాక్టీసులో కొన్ని గ్రాములు అటూ ఇటూ మారుస్తూ ఎవరిది వాళ్లు తేల్చుకుంటారు.