బెల్టుకూ ఎండదెబ్బ తగులుతుంది

ముత్తుకూరు దారిలో మా బావ ఇల్లు. కృష్ణపట్నం చుట్టుపక్కల షెడ్ల మీద రేకులు బిగించడం, రంగులు వేయడం ఆయన పని. మొన్న మే నెలలో వెళ్లినప్పుడు ఆయన సేఫ్టీ బెల్టు పెరట్లో వేపచెట్టుకు కొట్టిన మేకుకు వేలాడుతోంది. ఒకప్పుడు ముదురు నారింజ రంగుది, ఇప్పుడు ఉతికి ఉతికి వెలిసిన పాత చీరలా ఉంది. బకిల్ కింద నుంచి పట్టీని కొంచెం జరిపి చూశాను. ఎండ తగలని ఆ అంగుళం మేర మాత్రం కొత్త రంగు అలాగే ఉంది.

"రంగు పోతే ఏమైంది బామ్మర్దీ, బలం పోలేదు కదా?" అన్నాడు బావ.

బలం కూడా పోతుంది. ఆ పట్టీ నైలాన్‌తోనో పాలియెస్టర్‌తోనో నేసింది. రెండూ పొడవాటి అణు గొలుసులే. దారం బలమంతా ఆ గొలుసుల పొడవులో ఉంది. ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఆ గొలుసులను అక్కడక్కడ తెంపే శక్తి ఉంటుంది. రోహిణి కార్తెకు రోళ్లు పగులుతాయంటారు, దారమెంత? రంగు వెలియడం కంటికి కనిపిస్తుంది, గొలుసులు తెగడం కనిపించదు. బరువు వేలాడదీసి చూస్తే పాత పట్టీ కూడా మనిషిని మోస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే బెల్టు మోయాల్సింది మనిషి బరువును కాదు.

పనిముట్లతో కలిపి 80 కిలోల మనిషి 1.8 మీటర్లు పడ్డాడనుకోండి. అందుకు పట్టేది 0.6 సెకను. "అమ్మా" అనేలోపే గంటకు 21 కిలోమీటర్ల వేగం వస్తుంది. ఆ వేగాన్ని 10 సెంటీమీటర్లలో ఆపితే ఒంటి మీద పడే సగటు బలం సుమారు 1,500 కిలోల బరువుకు సమానం. అదే మనిషిని మీటరు దూరం లాగి నిదానంగా ఆపితే అది 220 కిలోల దగ్గరికి దిగుతుంది. పడిన ఎత్తు రెండింటిలోనూ ఒకటే, ఆగిన దూరం మారింది, అంతే. ఆ దూరాన్ని ఇచ్చేది బెల్టును హుక్కుకు కలిపే తాడుకు అమర్చిన చిన్న సంచీ, షాక్ అబ్జార్బర్. లోపల చీర కుచ్చిళ్లలా మడతలు పెట్టి కుట్టిన పట్టీ ఉంటుంది. పడగానే ఆ కుట్లు వరసగా పటపటా తెగుతూ పోతాయి. ఒక్కో కుట్టూ కొంత శక్తిని తినేస్తుంది. బలం 6 కిలోన్యూటన్లు, అంటే సుమారు 600 కిలోల బరువు దాటకుండా ఆపాలని యూరప్ ప్రమాణం చెబుతుంది. ఆ కుట్లు తెగేది ఒక్కసారే. ఒకసారి మనిషిని ఆపిన బెల్టు, తాడు చూడటానికి ఎంత బాగున్నా మళ్లీ వేసుకోకూడదు.

"మా తాత మోకుతోనే జీవితమంతా తాడిచెట్లెక్కాడు" అన్నాడు బావ. నిజమే, మన తీరం ఇసుక నేలల్లో మోకును మించిన పనిముట్టు లేదు. కానీ మోకు చేసే పని వేరు. చెట్టునూ నడుమునూ చుట్టి, మనిషి వెనక్కి వాలితే నిలబెడుతుంది, చేతులకు తీరిక ఇస్తుంది. పడేవాడిని పట్టి ఆపడం దాని పని కాదు. నడుముకు మాత్రమే కట్టే పాతకాలపు బెల్టుదీ ఇదే లోపం. ఆగే దెబ్బంతా పొట్ట మీదా వెన్నుపూస మీదా పడుతుంది, తల కిందులైతే మనిషి జారిపోవచ్చు కూడా. అందుకే పడినవారిని ఆపడానికి నడుము బెల్టు వాడకాన్ని అమెరికాలో నిర్మాణ పనుల్లో 1998లో నిషేధించారు. ఒళ్లంతా పట్టే హార్నెస్ ఆ దెబ్బను తొడలకు, పిరుదులకు, ఛాతీకి, భుజాలకు పంచుతుంది. తాడు తగిలించే రింగు వీపున రెండు రెక్కల నడుమ ఉంటే మనిషి ఆగాక నిటారుగా వేలాడతాడు. తొడపట్టీలోకి అరచెయ్యి దూరాలి, పిడికిలి దూరకూడదు. నడవడానికి అడ్డమని వదులుగా వదిలేస్తే, పడినప్పుడు బెల్టంతా పైకి లేచి ఛాతీపట్టీ గొంతు దగ్గరికి వస్తుంది.

హుక్కు సంగతికి వస్తే, నాకు కోపం తెప్పించేది కాళ్ల దగ్గర తగిలించడం. వీపు రింగు పాదాలకు సుమారు మీటరున్నర పైన ఉంటుంది. తాడు 1.8 మీటర్లు. కాళ్ల దగ్గర తగిలిస్తే తాడు బిగిసేలోపే 3.3 మీటర్లు పడతాడు. ఆ తర్వాత అబ్జార్బర్ మరో మీటరు పైగా సాగుతుంది. తాడు, ఆ సాగుడు, రింగు నుంచి పాదాల వరకు ఒళ్లు, పైన కాస్త వెసులుబాటు కలిపితే హుక్కు కింద అయిదున్నర మీటర్ల ఖాళీ కావాలి. మన రొయ్యల షెడ్లు చాలావాటికి అంత ఎత్తే ఉండదు. బెల్టు వేసుకునీ నేలను తాకుతాడన్నమాట. అదే తల పైన గట్టి దూలానికి తగిలిస్తే పడే దూరమే కొద్దిగా ఉంటుంది. హుక్కు పక్కకు దూరంగా ఉంటే ఇంకో గొడవ. మనిషి ఉయ్యాలలా ఊగి స్తంభానికి కొట్టుకుంటాడు.

ఆగాక పని అయిపోయిందనుకోకండి. కదలకుండా వేలాడే మనిషి కాళ్లలో రక్తం నిలిచిపోతుంది. నడిచేటప్పుడు పిక్కల కండరాలే రక్తాన్ని పైకి తోస్తాయి, వేలాడేటప్పుడు ఆ తోపు ఉండదు. నిమిషాల్లోనే స్పృహ తప్పవచ్చు. అంబులెన్సు వచ్చేదాకా చూడకుండా దించడానికి నిచ్చెన, తాడు, మనుషులు ముందే సిద్ధంగా ఉండాలి. కొన్ని బెల్టులకు పాదం మోపి నిలబడే చిన్న పట్టీ కూడా ఉంటుంది.

బావ బెల్టును ఒళ్లో వేసుకుని ఇద్దరం చూశాం. పట్టీని తలకిందులు చేసిన గిన్నెలా వంచితే దాగిన కోతలు నోరు తెరుస్తాయి. రెండు చోట్ల తెరిచాయి. ఒకచోట వెల్డింగ్ రవ్వకు కరిగి గట్టిపడిన మచ్చ ఉంది. నైలాన్, పాలియెస్టర్ రెండూ 220 నుంచి 260 డిగ్రీల మధ్యే కరుగుతాయి, రవ్వ వేడి వెయ్యి డిగ్రీలు దాటుతుంది. రింగు దగ్గర సముద్రపు గాలి తెచ్చిన తుప్పు. చీమకుర్తి క్వారీల్లో అయితే తుప్పుకు బదులు రాతిపొడి ఉండేది, అది దారాల మధ్య చేరి లోపలి నుంచే కోస్తుంది. తడి సిమెంటు క్షారం పాలియెస్టర్‌ను, బ్యాటరీ ఆమ్లం నైలాన్‌ను తింటాయి. పొడికీ మురికికీ మందు గోరువెచ్చని నీళ్లు, తేలికపాటి సబ్బు, నీడన ఆరబెట్టడం. బ్లీచింగ్, పెట్రోలు తగలనివ్వకూడదు. పట్టీ మీద మార్కరుతో పేరు రాయడమూ మంచిది కాదు, సిరాలోని ద్రావకం దారానికి హాని చేయవచ్చు.

మన దేశపు ప్రమాణమైన ఐ.ఎస్. 3521 గుర్తు, తయారీ తేదీ ఉండాల్సిన చీటీ ఎప్పుడో చిరిగిపోయింది. చీటీ లేని బెల్టుకు వయసు తెలియదు, వయసు తెలియని బెల్టును వాడకూడదు. అటక మీద పడేస్తే రేపు కొత్త కుర్రాడెవడో తీసి వేసుకుంటాడు. బావ కాసేపు గొణిగి లోపలి నుంచి కొడవలి తెచ్చాడు, భుజం పట్టీలు కోసేశాడు. తొడపట్టీ ఒకదాన్ని మాత్రం పక్కన పెట్టాడు, గేదె దూడకు పలుపు కావాలట.